రాగి అంబలికి పెట్టిన షుగరు గుర్తు

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. నేను ఐదో తరగతి వరకే చదివాను. ఆ ఐదూ కూడా సరిగ్గా చదివానని చెప్పలేను, కోతల రోజుల్లో బడికి వెళ్ళేవాణ్ణి కాదు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో నాకు ఇప్పటికీ అనుమానమే. ఇన్నేళ్ళూ నేను రాసినవి ఆర్డరు చీటీలు. రెండు పూరీ, ఒక దోసె, మూడు టీ. అంతకంటే పొడుగ్గా రాసే అవసరం ఒక్కసారే వచ్చింది, దాని గురించి చివర్లో చెప్తాను. అందుకని చదివేవాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోండి, మధ్యలో మాత్రం ఆపెయ్యకండి.

నన్ను రాయమన్నది మా మేనకోడలి కూతురు నీలవేణి. అరకులో కొత్తగా తెరిచిన రిసార్టు రెస్టారెంటులో ఈ మధ్యే చేరింది.

"తాతా, ముప్పై ఎనిమిదేళ్ళు సేసేవు కదా. నాకూ, నాతో సేరినోళ్ళకీ పనికొచ్చీది ఏటైనా ఉంటే రాసి పెట్టు" అంది.

"రాయడం ఎందుకే గుంటా, నోటితో సెప్తాను, ఇనుకో" అన్నాను.

"నువ్వు నోటితో సెప్తే సగంలో నిద్దరోతావు" అంది.

అది నిజమే. ఈ మధ్య కూర్చుంటే చాలు కళ్ళు మూతలు పడుతున్నాయి. ఎన్నేళ్ళు నిలబడ్డ కాళ్ళో ఇవి. అందుకే ఈ నోటుబుక్కు కొన్నాను. నా జీతం ఎప్పుడు పెరిగింది, నన్ను ఎప్పుడు హెడ్ సప్లయర్ని చేశారు, అవి రాయను. అవి ఎవరికీ అక్కర్లేదు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. ఆ తప్పు ఎలా జరిగిందో తెలియాలంటే దాని చుట్టూ ఉన్నవి కూడా కొన్ని చెప్పాలి.

మిగిలిన ప్లేటు

మాది విజయనగరం వైపు పల్లె. మా ఊరి పెద్దాయన ఒకరు అరకు స్టేషను రోడ్డులో టిఫిను హోటలు పెట్టారు. ఇరవయ్యేళ్ళప్పుడు ఆయన దగ్గర సప్లయరుగా చేరాను. ఆయన్ని అందరం పెద్దాయనే అనేవాళ్ళం, నేనూ అలాగే రాస్తాను. చాలా కోపిష్టి. గ్లాసు పగలగొడితే ఏమీ అనేవాడు కాదు, కష్టమరు వెళ్ళాక ప్లేటు చూడకుండా తీసేస్తే మాత్రం తిట్టేవాడు.

"ఒరే సూరిబాబూ, కష్టమరు నోరు ఒకటి సెప్తాది, ప్లేటు ఇంకోటి సెప్తాది. ప్లేటు మాట నమ్ము" అనేవాడు.

ఒకసారి వైజాగు నుంచి వచ్చిన ఒకాయన తిని, చెయ్యి కడుక్కుని, "బ్రహ్మాండంగా ఉంది" అని నా భుజం తట్టి వెళ్ళాడు. ప్లేటు చూస్తే సాంబారు గిన్నె నిండుగా ఉంది. పెద్దాయన వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, ఆ గుండిగ మొత్తం పారబోయించాడు. అడుగంటింది. పొద్దున్నించి తిన్న నలభై మందిలో ఒక్కడు కూడా నోరు విప్పి చెప్పలేదు. మన జనం అంతే. మొహం మీద బాగోలేదని చెప్పరు, ఇంకోసారి రారు.

అప్పట్లో మాకు కార్డు లేదు. టేబులు తుడుస్తూ ఇడ్లీ వడ పూరీ దోసె ఉప్మా అని ఒక్క ఊపిరిలో చెప్పేవాళ్ళం. ఆరోగ్యం గురించి ఎవరూ అడిగేవారు కాదు. మహా అయితే "కారం తగ్గించు, గుంటడు తింటాడు" అనేవారు. షుగరు ఉన్నవాళ్ళు "టీలో పంచదార వద్దు" అని చెప్పేటప్పుడు గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి చెప్పేవారు. ఏదో తప్పు చేసినట్టు. ఇప్పుడు అదే మాట పది టేబుళ్ళకి వినబడేలా చెప్తారు. కాలం అంత మారింది.

బొమ్మల కార్డు

పెద్దాయన పోయాక ఆయన కొడుకు శ్రీనుబాబు హోటలు చూసుకున్నాడు. చెడ్డవాడు కాదు. నన్ను బాబాయ్ అనేవాడు, చివరి రోజు దాకా అలాగే పిలిచాడు. అరకు రైలుకి అద్దాల పెట్టె తగిలించాక, బొర్రా గుహలు చూసి ఇటు వచ్చే జనం పెరిగాక, హోటలు పెద్దది చేశాడు. వెదురు బొంగులో కాల్చే బొంగు చికెను పెట్టాడు. కొండ తిండి అని సామల ఉప్మా, రాగి అంబలి, చోడి రొట్టె పెట్టాడు. చోళ్ళంటే మా వైపు రాగులే.

వీటిని వండటానికి సుక్రిని పెట్టుకున్నాడు. సుక్రి ముంచింగిపుట్టు వైపు మనిషి. మాట తక్కువ, పని ఎక్కువ. తెల్లారేసరికి పొయ్యి మీద అంబలి కుండ ఉండేది. నేను షట్టరు ఎత్తేసరికి మొదటి గ్లాసు నాకే ఇచ్చేది. ఆ చలిలో ఆ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటే ప్రాణం లేచొచ్చేది.

ఒకరోజు శ్రీనుబాబు కొత్త కార్డులు తెచ్చాడు. దళసరిగా, నిగనిగలాడుతున్నాయి. వంటకాల పేర్ల పక్కన బొమ్మలు. ఆకు బొమ్మ ఉంటే తేలిక తిండి. గుండె బొమ్మ ఉంటే గుండెకి మంచిది. గుండ్రంలో టిక్కు ఉంటే షుగరు వాళ్ళు తినొచ్చు. పక్కనే కేలరీలని అంకెలు.

"ఈ అంకెలు ఎక్కడివి బాబూ? మనం ఎప్పుడూ తూచలేదు కదా" అన్నాను.

"కార్డు చేసినోళ్ళే నెట్‌లో చూసి పెట్టేరు బాబాయ్. వైజాగులో అన్ని హోటళ్ళలోనూ ఇలాగే పెడతన్నారు."

"మరి అంబలికి గుండె బొమ్మా, టిక్కూ పెట్టేరు. సుక్రిని అడిగేరా?"

"రాగి అంబలికి అడగడానికేటుంది బాబాయ్? రాగులు షుగరుకి మంచివని సిన్నపిల్లోడు కూడా సెప్తాడు."

నేనూ తల ఊపాను. ఆ తల ఊపడం దగ్గరే నా తప్పు మొదలైంది.

సుక్రికి కార్డులో అంబలి పేరు చూపిస్తే చదవడం రాదు గానీ గుండె బొమ్మ గుర్తుపట్టింది. "ఇదేటి బాబూ, మేము రోజూ తాగీ అంబలికి గుండికాయ ఏసేరు?" అని చాలాసేపు నవ్వింది. "మరి మా ఊర్లో అందరికీ గుండికాయలు శానా పెద్దవి అవ్వాల."

బొమ్మలు చూసి తినేవాళ్ళు

నీలవేణీ, ఇది నీకు రోజూ పనికొచ్చే ముక్క.

కార్డు మీద బొమ్మ చూసి ఆర్డరు మార్చేవాళ్ళు నాకు పదిమందిలో ఒకరు కూడా కనబడలేదు. మిగతావాళ్ళు ముందే ఏం తినాలో మనసులో అనుకుని వస్తారు. తర్వాత ఆ కోరిక పక్కన ఏదైనా మంచి బొమ్మ ఉందా అని వెతుక్కుంటారు. ఉంటే సంతోషం. లేకపోతే బొమ్మలెవరు నమ్ముతార్లే అంటారు.

ఒక కుర్రాళ్ళ గుంపు వచ్చింది. అంకెలన్నీ చదివి, సామల ఉప్మాకి తక్కువ ఉందని తేల్చుకున్నారు. తర్వాత ఒకడు, "ఎలాగూ తక్కువే తింటన్నాం కదా, దానికి తోడు రెండు బొంగు చికెన్లు సెప్పేద్దాం" అన్నాడు. చెప్పారు. ఉప్మా అలాగే ఉంది. బొంగుల్లో ముక్క మిగల్లేదు.

ఇంకో ఆవిడ కార్డు మీద వేలు పెట్టి, "ఇదిగో, ఈ ఆకు బొమ్మ ఉన్నవి మాత్రం తేకండి. డబ్బులిచ్చి పథ్యం తినలేం" అంది. చాలామందికి లోపల ఉన్న మాట ఆవిడ పైకి చెప్పింది. ఆరోగ్యం అని రాస్తే రుచి లేదని అర్థం చేసుకుంటారు.

ఒక పెద్దమనిషికి నేను మర్యాదగా, "గుండె గుర్తు ఉన్నది తెమ్మంటారా అండీ" అని అడిగాను. కస్సుమన్నాడు. "నా మొహం చూస్తే నీకు రోగిష్టిలా కనబడుతున్నానా?" అన్నాడు. అప్పట్నించి ఎవరినీ ముందుగా అడగలేదు. నువ్వు కూడా అడక్కు. బొమ్మ చూపించడం అంటే నీకు జబ్బుందని అందరిలో చెప్పడమే వాళ్ళకి.

మొగుడూ పెళ్ళాల సంగతి వేరే. ఒకావిడ తన భర్త కోసం టిక్కు ఉన్న చోడి రొట్టె చెప్పి, పిల్లకి చెయ్యి కడిగించడానికి లేచింది. ఆయన నా చెయ్యి పట్టుకుని, "బాబ్బాబు, బేగి రెండు మిరపకాయ బజ్జీలు పట్రా, ఆవిడొచ్చీలోగా" అన్నాడు. తెచ్చాను. నిలబడే మింగేశాడు. ఆవిడ వచ్చి రొట్టె చూసి, "ఇవాళైనా మంచిది తింటున్నారు" అని మురిసిపోయింది. నాకు నవ్వొచ్చింది. అప్పట్లో ఇవన్నీ నవ్వులాటగానే ఉండేవి.

ఇలాంటివాళ్ళకి బొమ్మ వల్ల మేలూ లేదు, కీడూ లేదు. నమ్మరు కాబట్టి. బొమ్మని నిజంగా నమ్మేవాడు ఎప్పుడో ఒకడు వస్తాడు. వాడు మాట్లాడకుండా నమ్ముతాడు. వాడికి అవసరం ఉంటుంది.

నాయుడు బావ

అప్పలనాయుడు రైల్వేలో కీమేన్. రోజూ పట్టాల వెంట నడిచి, పట్టాల్ని పట్టి ఉంచే ఇనప కీలు వదులైతే సుత్తితో బిగించే పని. మైళ్ళకి మైళ్ళు నడక, అంతా కంకర మీద. ఎస్.కోట దగ్గర ఊరు. చుట్టరికం ఏమీ లేదు గానీ పక్కపక్క ఊళ్ళవాళ్ళం కాబట్టి నన్ను బావా అనేవాడు, నేనూ బావా అనేవాణ్ణి. భార్య కోడలి పురిటికని ఊరెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఇక్కడ క్వార్టర్సులో ఒక్కడూ వండుకోలేక మా హోటల్లోనే టిఫిను. డ్యూటీకి వెళ్ళేముందు నాలుగు పూరీలు, కూర రెండోసారి, ఆ పైన టీ. ప్లేటు అద్దంలా ఉండేది.

ఒకరోజు పూరీ చెప్పకుండా కూర్చున్నాడు.

"ఏటి బావా, మొహం అలాగుంది?" అన్నాను.

"రైల్వే డాక్టరు సుగరన్నాడు బావా. బిళ్ళలిచ్చేడు. పూరీ మానీమన్నాడు. మళ్ళీ మెడికల్ టెస్టులో బాగోపోతే లైను మీంచి తీసేత్తారట. కుర్సీలో కూకోబెడతారు. నానేటి, కుర్సీలో కూకునే మనిషినా?"

ఆ మాటలో భయం ఉంది. నాయుడు బావకి లైను అంటే ప్రాణం. ఏ కీ ఎక్కడ వదులవుతుందో, వానలకి కొండ ఏ మలుపు దగ్గర రాళ్ళు విడుస్తుందో ఆయన కాళ్ళకే తెలుసు. ముందు టైడా వైపు చేసి, తర్వాత ఇటు వచ్చాడు.

నేను కార్డు తీసి ఆయన ముందు పెట్టాను. టిక్కు మీద వేలు పెట్టాను. "దీనికి బెంగేటి బావా? ఇదిగో, నీ కోసమే పెట్టినట్టుంది. రాగి అంబలి. సుగరోళ్ళకి మంచిదని అచ్చేసేరు" అన్నాను.

"నిజవేనా?"

"అచ్చేసేక అబద్ధవేటి?"

ఆ రోజు నుంచి పూరీ ముట్టలేదు. పొద్దున్న రెండు పెద్ద గ్లాసుల అంబలి. డ్యూటీకి సీసాలో ఇంకొంత. సాయంత్రం మళ్ళీ గ్లాసు. "కడుపు సల్లగుంది బావా, ఆకలెయ్యట్లేదు" అనేవాడు. వానలు వెళ్ళి చలి వచ్చింది. ఒకరోజు గ్లాసు కింద పెడుతూ, "సాయంత్రం బిళ్ళ మానేసేను బావా. అంబలి తాగుతున్నాను కదా, రెండూ ఎందుకు?" అన్నాడు.

నేను విన్నాను. "డాక్టర్ని అడిగేవా?" అనాల్సింది. అనలేదు. అవతల టేబులు వాళ్ళు పిలుస్తుంటే వెళ్ళిపోయాను. పెద్దాయన చెప్పినట్టు ప్లేట్లు చూడ్డం నేర్చుకున్నాను గానీ, నాయుడు బావ గ్లాసు ఎప్పుడూ ఖాళీయే. ఖాళీ గ్లాసు నాకేమీ చెప్పలేదు.

నూకలు

ఇక్కడ కొండ మీద అంబలి ఎలా కాస్తారో బయటివాళ్ళకి తెలియదు. ముందు కుండలో నీళ్ళు మరిగించి బియ్యపు నూకలు వేస్తారు. అవి మెత్తగా ఉడికాక, ముందు రోజు కలిపి పులవబెట్టిన చోడి పిండి పోసి తిప్పుతారు. నూక లేకుండా అంబలి ఉండదు. ఇక్కడ పుట్టినవాళ్ళకి అది చెప్పాల్సిన సంగతే కాదు. చారులో నీళ్ళుంటాయని ఎవరైనా చెప్తారా? సుక్రి చెప్పలేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు, రోజూ చూస్తూ కూడా. నా మనసులో అది రాగి అంబలి, అంతే.

చలి బాగా ముదిరిన రోజుల్లో నాయుడు బావ కుంటుతూ వచ్చాడు.

"కాల్లో కంకర గుచ్చుకుని పదిరోజులైంది బావా. పుండు మానట్లేదు. సుగరు గాని పెరిగిందేటోనని అనుమానం. ఈ అంబలిలో ఏటైనా కలుపుతారా? రాగులేనా?"

నాకు బాగా గుర్తుంది. శ్రీనుబాబు గల్లా దగ్గర ఉన్నాడు. ఆరుగురు టూరిస్టులు పక్క టేబులు మీద ఆ కార్డే చదువుతున్నారు. వెనక వంటింట్లో సుక్రి నూకలు కడుగుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది.

"రాగులే బావా" అన్నాను.

"ఐతే సుగరు కాదు. ఈ పాత బూట్లదే దోషం" అన్నాడు. మొహం తేటపడింది. ఆ సాయంత్రమే కొత్త బూట్లు కొనుక్కున్నాడు. పుండు మీద పసుపు పెట్టుకున్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళ్తే టెస్టు చేస్తారు, టెస్టు చేస్తే లైను మీంచి తీసేస్తారు. వెళ్ళకపోవడానికి ఆయనకి ఒక కారణం కావాలి. ఆ కారణం నేను ఇచ్చాను.

ఆయన వెళ్ళాక వంటింట్లోకి వెళ్ళాను. తెలిసిందే అయినా అడిగాను. "సుక్రీ, ఇందులో నూకలు ఎన్ని?"

"ఇంటికాడ గుప్పెడు బాబూ. ఇక్కడ పలచగుంటే టూరిస్టులు తాగరని శీనుబాబు సిక్కగా సెయ్యమన్నారు. రాగులెక్కువైతే నల్లగుంటాది, వొద్దన్నారు. సగానికి సగం నూకలే ఏత్తన్నాను." నా మొహం చూసి గరిటె ఆపింది. "ఏటయింది బాబూ?"

"ఏటీ లేదు" అన్నాను. రోజు మొత్తం మీద రెండో అబద్ధం.

మర్నాడు చెప్దామనుకున్నాను. మర్నాడు ఆదివారం, జనం. ఆ మర్నాడు ఆయన తొందరగా తాగి వెళ్ళిపోయాడు. తర్వాత చెప్పడం ఇంకా కష్టమైంది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పను? రోజూ రెండు గ్లాసులు తెచ్చి పెట్టాను. నా చేతుల్తోనే. నెల దాటింది.

ఒక పొద్దున్న ఆయన రాలేదు. పట్టాల మీద పడిపోయాడని, లైను పని చేసే గ్యాంగువాళ్ళు మోసుకొచ్చారని, వైజాగు తీసుకెళ్ళారని స్టేషన్లో చెప్పారు. పుండు కుళ్ళిపోయి కుడికాలి రెండు వేళ్ళు తీసేశారు. ఇంకో వారం ఆగి ఉంటే పాదం పోయేదని డాక్టర్లు అన్నారట.

"సెప్పు బావా"

రెండు నెలల తర్వాత కర్ర పట్టుకుని వచ్చాడు. అదే మూల టేబులు. లైను మీంచి తీసేశారు. స్టేషన్లో గ్యాంగువాళ్ళకి పనిముట్లు ఇచ్చి పుచ్చుకునే గదిలో కుర్చీ వేశారు. చిక్కిపోయాడు.

"ఓ గ్లాసు అంబలి పట్రా బావా" అన్నాడు.

నేను కదలలేదు.

"ఏటి, అయిపోనాదా?"

"అందులో నూకలుంటాయి బావా. సగానికి సగం. నువ్వడిగిన రోజు కూడా ఉన్నాయి. నాకు తెలుసు."

ఆయన కర్ర వైపు చూస్తూ కూర్చున్నాడు. పక్క టేబులు మీద ఎవరో సాస్ అడిగారు. నేను వెళ్ళలేదు. ముప్పై ఎనిమిదేళ్ళలో పిలిస్తే వెళ్ళకపోవడం అదే మొదటిసారి.

"తెలుసా?" అన్నాడు చివరికి.

"తెలుసు."

"మరి రాగులే అన్నావు."

"అన్నాను."

"ఎందుకు?"

"శీనుబాబు ఇంటాడని. అంతే బావా, ఇంకో కారణం లేదు."

తిడతాడేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది. "బిళ్ళ మానీమని నువ్వు సెప్పలేదులే. డాక్టరు దగ్గరికి ఎల్లకండా దాక్కున్నది నానే" అన్నాడు. కర్ర గోడకి ఆనించాడు. "కానీ బావా, ఆ కార్డు సూసినప్పుడల్లా నాకు రోగం తగ్గిపోతన్నట్టుండీది. ఆ టిక్కు అలాగుండీది. నాలాటోడు ఇంకోడు వస్తాడు కదా. దాని మీద రాయి."

"ఏటని?"

"నూకలున్నాయని రాయి."

"నాకు రాయడం రాదు బావా."

"ఐదు సదివేవు కదా. నా ముందు రాయి. సూత్తాను."

ఆర్డరు పెన్ను తీశాను. హోటల్లో ఉన్న కార్డులన్నీ తెచ్చి ఆ టేబులు మీద పేర్చాను. ఒక్కో కార్డు మీద, అంబలి పక్కన, టిక్కు కొట్టేసి, "ఇందులో సగం బియ్యపు నూకలు, షుగరు వాళ్ళు డాక్టర్ని అడగండి" అని రాశాను. నిగనిగలాడే కార్డు మీద పెన్ను జారిపోతోంది. ప్రతి దాని మీదా రెండుసార్లు దిద్దాల్సి వచ్చింది. నాయుడు బావ ఒక్కొక్కటీ చదివి పక్కన పెట్టాడు. మధ్యలో ఒకసారి, "ఈ పొల్లు సరిగ్గా లేదు" అన్నాడు. దిద్దాను.

శ్రీనుబాబు వచ్చి చూశాడు. "బాబాయ్! ఏసవి సీజన్ మొదట్లో కార్డులన్నీ పాడు సేసేసేవు!" అన్నాడు. నేను నాయుడు బావ కాలు వైపు చూపించాను. శ్రీనుబాబు చూశాడు. గల్లా దగ్గరికి వెళ్ళిపోయాడు.

తర్వాత

ఆ రాతల కార్డులు ఆ సీజన్ అంతా ఉన్నాయి. ఏదో మారిపోయిందని రాయాలని ఉంది గానీ అబద్ధం అవుతుంది. ఎక్కువమంది చదవలేదు. కొందరు నా అక్షరాలు చూసి నవ్వి ఫోటోలు తీసుకున్నారు. అంబలి అమ్మకం కొంచెం తగ్గి మళ్ళీ మామూలైంది. ఒక్కావిడ మాత్రం, చీరాల నుంచో ఎక్కడి నుంచో వచ్చింది, కార్డు దగ్గరగా పెట్టుకుని చదివి, "నూకలు తగ్గించి చెయ్యగలరా? మా అమ్మకి" అని అడిగింది. ఆవిడ పక్కన ముసలమ్మ కూర్చుని ఉంది. నేను వంటింట్లోకి వెళ్ళి సుక్రికి చెప్పాను. సుక్రి వేరే చిన్న గిన్నెలో కాచింది. "నల్లగుంటాది బాబూ, ఏటీ అనరు కదా?" అని భయపడింది. ముసలమ్మ తాగినన్ని గుక్కలూ నేను అక్కడే నిలబడి చూశాను. ఇన్నేళ్ళలో తినేదాంట్లో ఏముందో వంటింటి దాకా అడిగించినవాళ్ళు ఆ తల్లీ కూతుళ్ళే.

సీజన్ అయ్యాక శ్రీనుబాబు కొత్త కార్డులు వేయించాడు. అంబలికి టిక్కు తీసేశాడు. ఆ టిక్కు ఇప్పుడు ఇంకో వంటకం పక్కన ఉంది. దాంట్లో ఏం వేస్తారో నేను అడగలేదు. అప్పటికి నా పని అయిపోయింది, కాళ్ళూ అయిపోయాయి. నేను మానేసిన రోజు సుక్రి మొదటి గ్లాసు ఎప్పటిలాగే నాకిచ్చింది.

నీలవేణీ, నీ రిసార్టులో ఇంకా మంచి కార్డులు, ఇంకా మంచి బొమ్మలు ఉంటాయి. నీకు చెప్పేది ఒకటే. నీ చేత్తో పెట్టే ప్రతి గిన్నెలో ఏముందో వండినవాళ్ళని అడుగు. కార్డు వేసినవాళ్ళని అడక్కు. ఎవరైనా నిన్ను అడిగితే, గల్లా దగ్గర ఎవరున్నారో చూడకుండా చెప్పు. ఆ ఒక్కసారి చూస్తే, తర్వాత రోజూ చూస్తావు. నేను చూశాను కాబట్టి చెప్తున్నాను.

నాయుడు బావ ఇప్పటికీ స్టేషనులో ఆ కుర్చీలోనే ఉన్నాడు. ఈ ఏడాది రిటైరవుతాడు. సాయంత్రాలు నేను వెళ్ళి పక్కన కూర్చుంటాను. కిరండూలు బండి వచ్చినప్పుడు ఆయన మాట్లాడటం ఆపేస్తాడు. కళ్ళు మూసుకుని చక్రాల చప్పుడు వింటాడు. "ఆ మలుపు దగ్గర కీ వదులైంది" అంటాడు. నిజమో కాదో నాకు తెలియదు. నా రాత ఉన్న కార్డు ఒకటి ఆయన బల్ల సొరుగులో ఉంది. దాని గురించి ఇద్దరం మాట్లాడుకోం.

ఇంతే నేను రాయగలిగింది. ఇందులో అక్షరాల తప్పులు చాలా ఉంటాయి, మాటలు వెనకా ముందూ అయి ఉంటాయి, పెద్ద మనసు చేసుకుని మన్నించండి. అంబలి దగ్గర చేసిన తప్పుకి మాత్రం మిమ్మల్ని మన్నించమని అడగను. అది అడగాల్సిన మనిషి దగ్గర రోజూ సాయంత్రం కూర్చుంటున్నాను. ఇంకా అడగలేదు.